ఈరమ్మ గాజులు మసకబారిన రోజు

లాక్‌డౌన్లు ఎత్తేసిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను బళ్ళారి శివారులోని ఒక ఖనిజ పరీక్షల ల్యాబులో సీనియర్ కెమిస్టుగా వేశారు. హోదా పేరు వెట్ సెక్షన్ ఇన్‌చార్జి. వెట్ సెక్షన్ అంటే, మిషన్లు కాకుండా ఆమ్లాలూ బీకర్లూ పెట్టుకుని మనుషులు చేతులతో చేసే పరీక్షల విభాగం. గనుల నుంచి వచ్చే రాయిలో ఇనుమెంత, ఇసుకెంత అని తేల్చడం మా పని. నా కింద ఇద్దరు కెమిస్టులు, ఒక అటెండరు. నా పైన మేనేజరు సుబ్బారావు గారు. ఆయన గురించి మర్యాదగా రాయాలనే కూర్చున్నాను. ఎంతవరకు కుదురుతుందో చూడాలి.

రాయిలోని ఇసుకను మేం సిలికా అంటాం. దాన్ని తేల్చడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం తప్పనిసరి. ల్యాబులో దాన్ని హెచ్చెఫ్ అని పిలుస్తాం. రాతిపొడిని మామూలు ఆమ్లంలో ఉడికిస్తే కరగకుండా కొంత మిగులుతుంది. దాన్ని ప్లాటినం మూసలో కాల్చి తూచి, కొద్దిగా హెచ్చెఫ్ పోసి, పొగను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ కింద వేడి చేస్తాం. సిలికా ఆవిరై పోతుంది. మళ్ళీ తూస్తే ఎంత బరువు తగ్గిందో అంత సిలికా. వినడానికి ఇంతే.

కానీ ఈ ఆమ్లం గాజును తినేస్తుంది. అందుకని గాజు సీసాలో కాక ప్లాస్టిక్ డబ్బాలో వస్తుంది. ల్యాబులో పనిచేసే చదువుకోనివాళ్ళకే కాదు, చదువుకున్నవాళ్ళకు కూడా ఒక గట్టి నమ్మకం ఉంటుంది. గాజు సీసాలో ఉంటేనే అసలైన యాసిడ్, ప్లాస్టిక్ డబ్బాలో ఉండేది ఫినాయిలో, సబ్బునీళ్ళో. పైగా ఇది మిగతా ఆమ్లాల్లాగా పడగానే చురుక్కుమని చెప్పదు. కాస్త నీళ్ళు కలిశాయంటే గంటల తరబడి చప్పుడు చెయ్యదు. చర్మం దాటి లోపలికి దిగి, ఒంట్లోని కాల్షియాన్ని పట్టుకుని, ఎముక దాకా పోతుంది. ఎక్కువ పడితే గుండె లయ తప్పుతుంది. దీనికి తక్షణ వైద్యం కాల్షియం గ్లూకోనేట్ జెల్. చర్మంలోకి దిగిన విషాన్ని అక్కడే పట్టి ఆపుతుంది. హెచ్చెఫ్ ఉన్న గదిలో ఆ జెల్ చేతికందే దూరంలో ఉండాలి. జూన్‌లో చేరిన వారానికే అది తెప్పించమని ఇండెంట్ రాశాను. సుబ్బారావు గారు కొట్టేశారు. ఆగస్టులో మళ్ళీ రాశాను. ఆయన ఎర్ర ఇంకుతో, "ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో కాలిన గాయాల మలాము ఉంది, అది వాడండి" అని రాసి పంపారు. ఆ మలాము ఈ ఆమ్లానికి ఎంత పనికొస్తుందంటే, పసుపూ కుంకుమా ఎంత పనికొస్తాయో అంత.

ఆ కుంకుమే కొంప ముంచింది.

మా వైపు ఆయుధపూజ రోజు లారీ దగ్గర్నుంచి స్క్రూడ్రైవర్ దాకా అన్నీ కడిగి, విభూది పెట్టి, కుంకుమ అద్దాల్సిందే. మా ల్యాబూ తక్కువేం కాదు. పండగకి రెండు రోజుల ముందు నుంచే తూనిక మిషన్లు, కొలిమి, చివరికి ఆమ్లాల సీసాలు కూడా బయటికి తీసి తడిగుడ్డతో రుద్దేవాళ్ళు. ఆ రుద్దుడికి లేబుళ్ళు ఊడిపోయేవి. పండగయ్యాక తీరిగ్గా కొత్త లేబుళ్ళు అంటించుకోవడం అక్కడ చాలా ఏళ్ళుగా ఉన్న పద్ధతి. అంటే ఏటా నాలుగు రోజులు ఏ సీసాలో ఏముందో ఎవరి జ్ఞాపకం వాళ్ళదన్నమాట! ఈ మాట విన్నప్పుడే నేను గొడవపెట్టి ఉండాలి. పెట్టలేదు.

పండగ ముందు రోజు పొద్దున హుడ్ పక్కన తెల్లటి ప్లాస్టిక్ డబ్బా బోడిగా కనిపించింది. నెత్తిన అప్పుడే కుంకుమ బొట్టు పెట్టేశారు, ఒంటి మీద లేబుల్ లేదు. అది హెచ్చెఫ్ అని నాకు తెలుసు. మార్కర్ పెన్ను కోసం జేబు తడుముకుంటూంటే పై నుంచి ఫోనొచ్చింది, ఒక రిపోర్టు అర్జెంటని. భోంచేసి వచ్చి రాద్దాంలే అనుకుని వెళ్ళాను.

మా అటెండరు పేరు ఈరమ్మ. సొంతూరు హచ్చొళ్ళి, బ్రూస్‌పేటలో అద్దె గదిలో ఉంటూ ఆటోలో వచ్చేది. నలభై దాటిన మనిషి, పనిలో రాక్షసి. పూజకి సింకులు తళతళలాడాలని మేనేజరు గారి ఆజ్ఞ. సంవత్సరమంతా ఎర్ర రాతిపొడి కడిగిన సింకు అది, తుప్పుమరక రాయిలా పట్టేసి ఉంటుంది. సబ్బుకి పోలేదు, సోడాకి పోలేదు. లేబుల్ లేని ప్లాస్టిక్ డబ్బా పక్కనే ఉంది. పోసి చూసింది. మరక మాయమైంది. ఈ ఆమ్లం తుప్పును అంత బాగా తీస్తుంది, అదే దాని మోసం. ఆవిడ ఉత్సాహంగా రెండు సింకులూ పీచుతో, ఒట్టి చేతుల్తో రుద్దేసింది. గ్లౌజులు ఉన్నాయి. ఎక్కడ? మేనేజరు గారి బీరువాలో. ఆడిట్ వాళ్ళు వచ్చినప్పుడు మాత్రమే బయటికొచ్చే సరుకు అవి.

నేను పన్నెండున్నరకి కిందికి వచ్చేసరికి సింకు కొత్తపెళ్ళికూతురిలా మెరుస్తోంది.

"సూడు మేడమ్, ఎట్ల మెరుస్తాండాదో! ఆ తెల్లడబ్బాలో సోపు శానా బాగుండాది. రొంత గాటు గానీ," అంది ఈరమ్మ రెండు చేతులూ చాపి.

నా కళ్ళు సింకు మీద లేవు, ఆవిడ చేతుల మీద ఉన్నాయి. కుడిచేతి ఆకుపచ్చ గాజులు మెరుపు పోయి, గరుకుగా, పాలు పట్టినట్టు తెల్లబడి ఉన్నాయి. గాజును అలా చేసే ద్రవం ఆ గదిలో ఒక్కటే. ఆవిడ చర్మం మీద మాత్రం మచ్చ కూడా లేదు.

చెయ్యి పట్టుకుని కొళాయి కింద పెట్టాను. ధారగా నీళ్ళు. గాజుల కింద ఆమ్లం నిలిచిపోతుంది కాబట్టి వాటిని తియ్యాలి. బిగుతుగా ఉన్నాయి, తడిచేతికి కూడా రావడం లేదు. పగలగొడతానన్నాను.

"పండగ ముందర గాజులు పగలగొడ్తారా యాడన్నా? మా ఇంటాయన ఉండాడు మేడమ్, సల్లగా ఉండాడు! నొప్పి ల్యా, మంట ల్యా. ఊరికే యాల ఇంత గాబరా?"

"మీ ఆయన చల్లగానే ఉంటాడు. నువ్వుండవు. మాట్లాడకు," అన్నాను. నా నోటి దురుసుతనం ఆ ఒక్క రోజు పనికొచ్చింది. గుడ్డ చుట్టి, చర్మం తెగకుండా ఒక్కొక్కటే చిట్లించి తీసేశాను. ఆవిడ నన్ను తిట్టిన తిట్లు కన్నడంలో కొన్ని, తెలుగులో కొన్ని. అన్నీ న్యాయమైనవే. తడిసిన చీర మార్పించి, నా ఏప్రన్ తొడిగించి, సేఫ్టీ షీట్ చేతబట్టుకుని శాంపిళ్ళు తెచ్చే జీపు ఎక్కించాను. సేఫ్టీ షీట్ అంటే ఆ రసాయనం పడితే ఏం చెయ్యాలో తయారీదారు ఇచ్చే కాగితం.

గేటు దగ్గర సుబ్బారావు గారు బూడిద గుమ్మడికాయలు దింపిస్తున్నారు. సిరిగేరి దగ్గర, కోస్తా నుంచి వలసొచ్చిన రైతుల క్యాంపులో పుట్టి పెరిగినా ఆయన మాటలో ఇంకా కోస్తా యాసే.

"ఏమండీ, చెయ్యి బానే ఉంది కదండీ? మజ్జిగ తాగించి కూర్చోబెట్టండి. పండగపూట ఆస్పత్రీ గీస్పత్రీ ఎందుకండీ?"

నేనేమన్నానో ఇక్కడ రాయను. జీపు కదిలింది.

క్యాజువాల్టీలో ఒక చిన్న డాక్టరు. చెయ్యి తిప్పి చూసి, "ఏనూ ఇల్వల్లా మేడం," అన్నాడు. ఏమీ లేదు కదా అని. నేను కాగితం ముందర పెట్టి, రెండు నిమిషాలు చదవమన్నాను. చదివాడు. తెలియని విషయం తెలియదని ఒప్పుకుని, పెద్ద డాక్టరుకి ఫోన్ చేశాడు. ఆ రోజు నాకు కనిపించిన చదువుకున్నవాళ్ళలో తన పని తాను చేసినవాడు అతనొక్కడే. నన్ను కూడా కలుపుకునే చెబుతున్నాను. జెల్ ఆస్పత్రిలోనూ లేదు. కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ మందును స్కానింగుకి వాడే జెల్లీలో కలిపి అప్పటికప్పుడు తయారుచేశారు. దాన్ని సర్జికల్ గ్లౌజులో నింపి, అందులో ఈరమ్మ చెయ్యి పెట్టించారు. గుండెకి ఈసీజీ పెట్టి, రక్తంలో కాల్షియం చూశారు. ఘాటు పీల్చింది కాబట్టి ఊపిరితిత్తులు చూశారు.

రెండున్నరకి నొప్పి మొదలైంది. అంతవరకు నన్ను వేళాకోళం చేస్తున్న మనిషి మంచం కమ్మీ పట్టుకుని, "అమ్మా, యెముకల్లో యెవురో మేకులు కొడ్తాండారు," అంది. వేళ్ళ చివర్లలో సన్నసూదితో మళ్ళీ మళ్ళీ కాల్షియం ఎక్కించారు. గుండె నిలబడింది. నాలుగు రోజుల తర్వాత ఇంటికి పంపారు. కుడిచేతి రెండు గోళ్ళు తీసెయ్యాల్సి వచ్చింది. చూపుడువేలి కొన నల్లబడి, తర్వాత ఒక కణుపు పోయింది. జొన్నరొట్టె తట్టే చెయ్యి అది.

పండగైన మర్నాడు సుబ్బారావు గారు నన్ను పిలిచారు. ఆయన బల్ల మీద రెండు కాగితాలు. మొదటిది టైపు చేసిన రిపోర్టు. అటెండరు ఇంటి దగ్గర మరుగుదొడ్డి కడిగే ద్రావణం వల్ల చెయ్యి కాల్చుకున్నదని సారాంశం. రెండోది యాక్సిడెంట్ రిజిస్టరులో నేను రాసిన పేజీకి బదులు అతికించడానికి కొత్త పేజీ. పనిలో జరిగిన ప్రమాదంగా నమోదు కాకపోతే ఈరమ్మకి వైద్యమూ, సెలవూ, చేతికి రావాల్సిన పరిహారమూ ఏదీ ఉండదు. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

"వచ్చే నెల్లో ఆడిట్ ఉందండీ. మన గుర్తింపు పోతే అందరి పొట్టా కొట్టినట్టే కదండీ? ఈరమ్మకి మనమే ఏదో చూద్దాం."

"ఏదో అంటే ఏమిటండీ? వేలు పోతే మొలిపిస్తారా?"

ఆయన కుర్చీలో సర్దుకున్నారు. గొంతు తగ్గించి, "వనజ గారూ, మీ మంచికే చెప్తున్నా. లేబుల్ బాధ్యత సెక్షన్ ఇన్‌చార్జిది. అసలు రాతే ఉంటే ముందు పోయేది మీ ఉద్యోగం. ఆలోచించుకోండి," అన్నారు.

"రిజిస్టరు మీరు చదివినట్టు లేరు. రెండో వాక్యం చూడండి," అన్నాను.

రెండో వాక్యం నాకు ఇప్పటికీ అక్షరం తప్పకుండా గుర్తుంది. 'లేబుల్ లేదని ఉదయం తొమ్మిదిన్నరకు గమనించి కూడా నేను రాయలేదు.' మూడో వాక్యం, జెల్ కోసం పెట్టిన రెండు ఇండెంట్లూ ఎవరు ఎప్పుడు కొట్టేశారో. నాలుగోది, గ్లౌజులు ఏ బీరువాలో ఉన్నాయో. ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రమే ఇంకుతో రాసి, పేజీ ఫొటో తీసి పైఆఫీసుకి పంపేశాను. ఆయన ఆ పేజీ చదివి, కొత్త పేజీని సొరుగులో పెట్టేశారు. నన్ను బెదిరించడానికి ఆయన దగ్గరున్న ఒకే ఒక్క వస్తువును నేనే ముందు బల్ల మీద పెట్టేశాను మరి.

ప్రమాదం పనిలో జరిగినట్టే నమోదైంది. ఈరమ్మకి రావాల్సినవి వచ్చాయి. ఆరు నెలల తర్వాత శాంపిళ్ళు నమోదు చేసే బల్ల దగ్గర తేలిక పనిలో చేరింది. ఆడిట్‌లో మా సిలికా పరీక్షలు కొన్నాళ్ళు ఆపించారు. సుబ్బారావు గారిని వేరే శాఖకి మార్చారు, ప్రమోషన్ మీద. నాకు మెమో ఇచ్చి ఇంక్రిమెంట్ ఆపారు. నా తప్పుకి అది సరైనదే, వాదించలేదు. ఆయన ప్రమోషన్ గురించి వాదించాను, ఎవరూ వినలేదు. ఏడాదికి స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను.

ఇప్పుడు కాలేజీల్లో పిల్లలు సేఫ్టీ గురించి చెప్పమని పిలుస్తుంటారు. గ్లౌజులూ కళ్ళజోడూ పుస్తకంలో ఉన్నాయి, చదువుకోండంటాను. నేను చెప్పేవి రెండే. లేబుల్ లేని డబ్బా కనిపిస్తే చేతిలో ఉన్న పని, చెవి దగ్గరున్న ఫోను, రెండూ పక్కన పెట్టి అప్పుడే రాయండి. ఈ ఆమ్లం తగిలినవాళ్ళు నొప్పి లేదంటే నమ్మకండి, ఆ మాట అన్నవాళ్ళనే ముందు బండెక్కించండి.