బెల్టు జారిన పాట

2023 వానాకాలం. డాబాగార్డెన్స్‌లో నా ఆడియో మరమ్మతు దుకాణానికి అప్పలరాజు ఒక గ్రామఫోన్ రికార్డు తెచ్చాడు. స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటర్, దువ్వాడలో ఇల్లు. రికార్డు తిప్పి చూశాను. అది ఫ్యాక్టరీలో అచ్చువేసింది కాదు, లాకర్ డిస్క్. అంటే అల్యూమినియం రేకు మీద నల్లటి పూత పూసి, ఎదురుగా పాడుతుంటే నేరుగా గాడి కోసింది. ఇంకో ప్రతి ఉండదు. మన సముద్రపు గాలికి ఆ పూత అంచుల్లో పొలుసులుగా లేచింది.

పాడింది వాళ్లమ్మ సత్యవతమ్మగారు, పెళ్లికి ముందు. తర్వాత క్యాన్సర్ వచ్చి, ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. ఆవిడ గొంతు ఇక ఆ రికార్డులోనే ఉంది.

"ఒక్కసారే ఆడతాది బావా. రెండోసారికి ఉంటాదని నాను సెప్పలేను," అన్నాను.

"ఆ ఒక్కసారీ అమ్మ ముందర ఆడాల. కంప్యూటర్లోకి ఎక్కాల. ఏ మెషీన్ మీద ఎడతావ్ మరి?"

ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. రికార్డు ఆడించే మెషీన్లు రెండు రకాలు. డైరెక్ట్ డ్రైవ్ రకంలో రికార్డు తిరిగే పళ్లెం మోటారు ఇరుసు మీదే కూర్చుంటుంది. వేగం తగ్గితే సర్వో అనే సర్క్యూట్ కనిపెట్టి వెంటనే సరిదిద్దుతుంది. కానీ మోటారు అంత దగ్గరగా ఉంటే దాని అదురు సూదికి అందుతుందని నా భయం. మంచి మెషీన్లలో అందదంటారు, నాకు నమ్మకం లేదు. నా బెల్ట్ డ్రైవ్‌లో మోటారు పక్కకి ఉంటుంది, అదురుని రబ్బరు బెల్టు మింగేస్తుంది. అయితే వేగం తప్పితే కనిపెట్టే నాథుడు లేడు. సన్నటి పాత గొంతు కదా అని చివరికి బెల్టువైపే మొగ్గాను.

ముందురోజే మెషీన్ వాళ్లింట్లో బిగించి, వేగం సరిచూసి వచ్చాను. మర్నాడు వెళ్లేసరికి దానికి దండ వేసి ఉంది, చెక్క మీద బొట్లు. ప్లాంటువాళ్లకి మెషీన్ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. నవ్వుకుని దండ తీసేశాను. ఖాళీగా తిప్పితే బాగానే తిరిగింది.

కంప్యూటర్లో రికార్డింగ్ ఆన్ చేసి సూది దించాను. గరగరల మధ్యనుంచి పడుచుపిల్ల గొంతు లేచింది. సత్యవతమ్మగారు కుర్చీలో ముందుకు వంగారు. అంతలోనే పాట సాగింది, బరువెక్కింది, ఆడగొంతు కాస్తా మగగొంతయింది. సూది రాపిడికి పళ్లెం నెమ్మదించి బెల్టు జారిపోతోంది.

"అమ్మ గొంతు ములిగిపోతందేటి బావా! ఆపీ!" అని అరిచాడు అప్పలరాజు.

"ఆపితే మొత్తం పోద్ది! కదలకు!"

సూది దాటిన చోటల్లా పూత లేచి రేకు కనిపిస్తోంది. ఎత్తితే మళ్లీ దించడానికి గాడి ఉండదు. పళ్లెం అంచుకి వేలు ఆనించి నేనే తిప్పడం మొదలెట్టాను. కానీ ఎంత వేగంతో? భయంలో నా చెవులు కూడా పనిచెయ్యడం మానేశాయి.

తలెత్తి చూస్తే సత్యవతమ్మగారి చెయ్యి కుర్చీ చేతి మీద తాళం వేస్తోంది. పాట సాగినా ఆ చెయ్యి సాగలేదు. ఆ చేతినే చూస్తూ తిప్పాను. నేను వెనకబడితే గట్టిగా కొట్టేవారు. పాట అయ్యేదాకా అలాగే తిప్పాను.

తర్వాత బెల్టు తీసి చూస్తే, దాన్ని తిప్పే మోటారు చక్రం, పుల్లీ నిండా కొబ్బరినూనెలో కలిపిన కుంకుమ.

"ఇదేటి?"

"క్రేను ఎక్కేముందు మోటారుకి బొట్టెడతాం బావా. ఇక్కడా మోటారు ఎక్కడుందో ఎతికి మరీ ఎట్టాను," అన్నాడు ఏడుపు గొంతుతో. గుడ్డ తీసి పుల్లీ తుడిచాను.

కాపీలో అక్కడక్కడా గొంతు వణుకుతుంది. అది నా వేలు. కంప్యూటర్లో సరిచేసి ఇస్తానంటే సత్యవతమ్మగారు వద్దని చెయ్యి ఊపారు.

ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా ముందు పుల్లీ తుడుస్తాను. బెల్టా, డైరెక్టా అని ఇంకా వాదిస్తూనే ఉంటాను గానీ, వేగం తప్పినప్పుడు కనిపెట్టేవాళ్లు లేకపోతే ఏ డ్రైవూ అక్కరకి రాదని ఆ రోజే తెలిసింది. నా మెషీన్‌కి ఆ రోజు సర్వో సత్యవతమ్మగారే.