వింటున్నవారు: ముగ్గురు

కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో రాయి ముందు కూర్చునే మనిషిని అందరూ అద్దాలాయన అంటారు. ముప్ఫై రెండేళ్ళుగా అదే స్టూలు, అదే కిటికీ. ముందు గదిలోంచి యజమాని చీటీ పంపిస్తే, ఈయన గుండ్రటి అద్దాన్ని తిరిగే రాయికి ఆనించి ఫ్రేముకు సరిపడా అరగదీస్తాడు. అది కంటితో చేసే పని అనుకుంటారు గానీ నిజానికి చెవితో చేసే పని. చప్పుడు సన్నబడిందంటే చెయ్యి తియ్యాలి, లేకపోతే అంచు పెచ్చు లేస్తుంది. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆయన చేసిన తప్పుకు ఆయన చెప్పుకున్న సాకు ఇదే. సాకు నిజమే. అందుకే అన్నాళ్ళు పనికొచ్చింది.

ఆ స్టూలు మీద కూర్చోబెట్టింది వాళ్ళన్నయ్య. ఆయన బస్సు కండక్టరు. తండ్రి పోయిన ఏడు, పదహారేళ్ళ తమ్ముణ్ణి తన బస్సులోనే ఎక్కించుకొచ్చి, దుకాణం ముందు బస్సాపి, "మావాడికి పని నేర్పండి" అని యజమానికి ఒప్పజెప్పి, ఈల ఊది వెళ్ళిపోయాడు. బస్సులో జనం ఏమన్నా అనుకోనీ, ఆయనకి లెక్కలేదు. నోరున్న మనిషి. ఎక్కేవాళ్ళతో, దిగేవాళ్ళతో, ఆఖరికి ఎవరూ లేకపోతే డ్రైవరు వీపుతో మాట్లాడేవాడు.

రిటైరయ్యాక ఆ నోటికి పని లేక వదిన ప్రాణం తోడేస్తుంటే, పేటవాళ్ళు కలిసి నడుపుకునే చిన్న రేడియో స్టేషను వాళ్ళు రోజూ పదకొండింటికి అరగంట ఇచ్చారు. కార్యక్రమం పేరు 'దిగేవాళ్ళు ముందుకు రండి'. రోజుకో స్టాపు పేరు చెప్పి, అక్కడ తను చూసిన మనుషుల కబుర్లు చెప్పేవాడు.

ఆ స్టేషను నాలుగు వీధులు దాటి వినబడదు. అవతలివాళ్ళు ఫోన్లో నెట్ పెట్టుకుని వినాలి. నెట్‌లో ఆ పేజీ కింద 'వింటున్నవారు' అని ఓ అంకె కనబడుతుంటుంది. మామూలు రేడియోలో ఎందరు వింటున్నారో తెలీదు కాబట్టి ఆ అంకే మాకు ఆధారం, అక్కడ ముగ్గురైనా లేని కార్యక్రమాన్ని నెలాఖరుకు తీసేస్తాం అని స్టేషను చూసుకునే అమ్మాయి మెత్తగానే చెప్పింది. మొదటి వారం ఆ అంకె సున్నా దాటలేదు. అన్నయ్య ముద్ద సరిగా మింగలేదని వదిన చెప్పింది.

మర్నాడు పదకొండింటికి అద్దాలాయన తన ఫోన్లో పెట్టాడు. సొరుగులో పడున్న పాత ఫోన్లో పెట్టాడు. యజమానిని బతిమాలి దుకాణం కంప్యూటర్లో కూడా పెట్టాడు. అంకె మూడయింది. ఆ సాయంత్రం అన్నయ్య మొహం చూడాల్సింది, పెళ్ళికొడుకులా ఉన్నాడు.

ఆ మొదటిరోజు విన్నాడు కూడా. వింటూ రెండు అద్దాలు పెచ్చులేపి యజమాని చేత చివాట్లు తిన్నాడు. అంతే, మర్నాటి నుంచి మూడింటికీ సౌండు తీసేశాడు. అంకె మాత్రం మూడు. ఇంటికెళ్ళి తీరిగ్గా వినొచ్చు కదా, పాతవన్నీ ఆ పేజీలోనే దాచి ఉంచుతారు కదా అంటారేమో. ఆయనా అదే అనుకున్నాడు. ఆదివారం విందామనుకున్నాడు. అలా పదకొండు నెలల ఆదివారాలు గడిచాయి.

రోజూ సాయంత్రం అన్నయ్యింటి మీదుగా వెళ్ళేటప్పుడు మాత్రం "ఇవాళ బాగుందన్నయ్యా" అనేవాడు. ఏం బాగుందో అడుగుతాడేమోనని గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు. అన్నయ్య ఎప్పుడూ అడగలేదు. పైగా ఈ రెండు నెలలుగా సాయంత్రాలు మాట తగ్గించేశాడు. గొంతు బొంగురుపోయింది. పొద్దున్న రేడియోలో వాగేశానుగా అని చెయ్యి ఊపేవాడు. అద్దాలాయనకి అదీ హాయిగానే ఉండేది. నిజం చెప్పాలంటే తొందరగా ఇంటికెళ్ళొచ్చని సంతోషించాడు.

మంగళవారం పని పీకల మీదకొచ్చి, దుకాణం మూసేసరికి ఆలస్యమైంది. అన్నయ్య గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. రోజూ ఒకే మాటైతే అనుమానం వస్తుందని ఇతగాడు ఆ రోజు కాస్త కారం దట్టించాడు.

"ఇవాళ మరీ అదిరిందన్నయ్యా. నవ్వలేక చచ్చాను."

అన్నయ్య, సరేలే, పొద్దుపోయింది, ఇంటికి వెళ్ళు అన్నాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఆ రోజు బాగానే అతికిందనుకుంటూ ఇతను ఇంటికి వెళ్ళాడు.

బుధవారం మధ్యాహ్నం వదిన దుకాణానికి వచ్చింది. ముందు గదిలో ఆగకుండా నేరుగా వెనక్కి వచ్చి, రాయి ఆపమంది.

"నిన్న మీ అన్నయ్య రేడియోలో చెప్పింది విని నవ్వొచ్చిందా నీకు?"

జవాబు కోసం ఆగకుండా ఏడుస్తూ వెళ్ళిపోయింది. అప్పుడు అద్దాలాయన ఫోను తీసి, మంగళవారం నాటి కార్యక్రమం పెట్టుకుని, చెవికి ఆనించుకున్నాడు. అన్నయ్య గొంతు గరగరలాడుతోంది.

"ఇవాళ స్టాపు పేరు ఆసుపత్రి. ఇక్కడ ఎక్కిన మనిషిని నేనే. గొంతులో గడ్డ ఉందన్నారు. గురువారం ఆపరేషను. ఆ తర్వాత మాట ఉంటుందో ఉండదో చెప్పలేమన్నారు. మీ వదినకి తప్ప ఎవరికీ చెప్పలేదురా తమ్ముడూ. నీ మొహం చూస్తూ చెప్పడం నావల్ల కాలేదు, అందుకని ఇలా చెబుతున్నాను. ఉన్న గొంతంతా ఈ అరగంట కోసం దాచుకుంటున్నాను, ఎలాగూ నువ్వు వింటున్నావుగా. సాయంత్రం కాస్త పెందరాళే రా."

తను నవ్వానని చెప్పింది దీనికి. తనంటే తనకే అసహ్యమేసింది. ఏప్రన్ కూడా విప్పకుండా పరిగెత్తాడు.

అన్నయ్య ముందు గదిలో కూర్చుని ఆసుపత్రికి బట్టలు సర్దుకుంటున్నాడు. అద్దాలాయన ఎదురుగా నేల మీద కూలబడి అంతా చెప్పేశాడు. మూడూ తనేనని, మొదటిరోజు తప్ప ఒక్కరోజు కూడా వినలేదని, నిన్నటిది ఇప్పుడే విన్నానని. తల ఎత్తలేకపోయాడు.

అన్నయ్య లుంగీ మడత పూర్తిచేసి సంచిలో పెట్టాడు. కోపం లేదు.

"మూడూ నువ్వేనని తెలుసురా. ఆ అంకెలో రోజూ ఒకేసారి ఎక్కి ఒకేసారి దిగేవాళ్ళు ముగ్గురెలా అవుతారు? కాకపోతే, మూడింట్లో ఒకటైనా వింటున్నావనుకున్నాను."

అద్దాలాయన ఏడ్చేశాడు. ఇప్పుడు చెప్పన్నయ్యా, ఏ స్టాపు గురించైనా సరే, తెల్లవార్లూ చెప్పు, వింటాను అన్నాడు. వదిన లోపలినుంచి వచ్చి, డాక్టరు ఇక పెదవి కదపొద్దన్నాడు, ఇప్పటికే ఎక్కువైంది అంది. అన్నయ్య నోటి మీద వేలేసుకుని, పక్కన కూర్చోమని చేత్తో చూపించాడు.

గురువారం ఆపరేషన్లో మనిషి దక్కాడు. గొంతు దక్కలేదు. అన్నయ్య నోటి నుంచి అద్దాలాయన విన్న ఆఖరి మాట, ఒకటైనా వింటున్నావనుకున్నాననే.