వదిన నోట విన్న ఇంగ్లీషు బ్యాండు

మొన్న మధ్యాహ్నం భోజనం చేసి రాజమండ్రిలో మా ఫ్లాటు బాల్కనీలో కూర్చుని ఉండగా హైదరాబాదు నుంచి మా మేనకోడలు ఫోనుకి ఒక ఫోటో పంపింది. తెల్లజుట్టు మగవాళ్ళు కొందరు స్టేజీ మీద ఒకరి భుజాన ఒకరు చెయ్యేసుకుని నిలబడి ఉన్నారు. ఎప్పుడో విడిపోయిన ఇంగ్లండు బ్యాండు ఒకటి మళ్ళీ కలిసి చివరిసారి పాడిందనీ, ఈనాటి కుర్ర బ్యాండులెన్నో వీళ్ళ పాటలు వినే ఈ దారి పట్టామని చెప్పుకుంటున్నాయనీ కింద వార్త. "అత్తయ్యా, అమ్మ ఒక ఇంగ్లీషు బ్యాండు వినేదనేవారు కదా, వీళ్ళేనా?" అని అడిగింది పిల్ల. వీళ్ళేనమ్మా అని రాయబోయి ఆగిపోయాను. అంత చిన్న జవాబుతో తీరే సంగతి కాదది.

అన్నయ్యకు పెళ్ళయి వదిన మా ఇంటికి వచ్చేనాటికి నేను హైస్కూల్లో ఉన్నాను. పెనుగొండ దగ్గర పల్లెటూరు మాది, పొద్దున లేస్తే వరిచేలు, కాలవ నీళ్ళు తప్ప మరో కబురు లేని ఇల్లు. వదినేమో విశాఖపట్నం హార్బరు క్వార్టర్సులో పెరిగిన మనిషి. ఓడల్లో వచ్చే నావికుల దగ్గర వాళ్ళ అన్నగారు కొన్న క్యాసెట్లు కొన్నీ, ఒక టేపురికార్డరూ సారెతో పాటు తెచ్చుకుంది. ఆ క్యాసెట్లన్నీ ఈ ఒక్క బ్యాండువే. వాళ్ళంతా బొమ్మలు వేయడం నేర్పే కాలేజీలో చదివిన కుర్రాళ్ళట. అట్ట మీద ఫోటోలో ఈకలు కుట్టిన కోట్లు, కళ్ళకు కాటుక. అందులో ఒకాయన మీటలున్న యంత్రం ముందు కూర్చుని, బోరింగు పంపు కీచుమన్నట్టూ, గాలివానకి కొబ్బరిమట్టలు కొట్టుకున్నట్టూ చప్పుళ్ళు తీసేవాడు. మొదటిరోజు మా అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి "ఏంటమ్మా, అది పాడైపోయిందా?" అంది. "పాడవలేదండీ అత్తయ్యగారూ, పాటే అది" అంది వదిన నవ్వు ఆపుకుంటూ.

అన్నయ్య మంచివాడే గాని ఆ పాట మొదలవగానే నిద్రపోయేవాడు. ఇక వదినకు మిగిలింది నేనే. సెలవు రోజుల్లో మధ్యాహ్నాలు వెనక వసారాలో చాప వేసుకుని ఇద్దరం వినేవాళ్ళం. ఆ బ్యాండు సంగతులు పుట్టింటి కబుర్లు చెప్పినట్టు చెప్పేది. రెండో క్యాసెట్టు తర్వాత ఆ యంత్రం ఆయన వాళ్ళతో పడక వెళ్ళిపోయాడని చెబుతూ, ఇంట్లో అన్నదమ్ములు వేరుపడినంత బాధపడింది. తర్వాత పాటలు నున్నబడ్డాయి, మా అమ్మ కూడా విసుక్కోకుండా వినేటంతగా. వదినకు మాత్రం ఆ పాత గరుకుతనమే కావాలి. ఊళ్ళో ఎవరితోనూ ఆ మాట అనలేక నాతో అనేది, నాకు సగమే అర్థమైనా తల ఊపేదాన్ని.

ఆ ఏడాది తుఫానుకి కాలవగట్టు తెగి మా ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. ధాన్యం కోసం, గేదెల కోసం అందరూ పరుగులు పెడుతుంటే కింద అరలో ఉన్న క్యాసెట్లు ఎవరికి గుర్తు? నీళ్ళు తీశాక వదిన వాటిని అరుగు మీద ఆరబెట్టి, పెన్సిలు దూర్చి ఓపిగ్గా తిప్పింది. టేపురికార్డరు క్యాసెట్లోని టేపుని నమిలి బయటికి కక్కింది. వదిన ఏడవలేదు. అన్నీ మూటకట్టి అటకమీద పెట్టేసి, చాలా రోజులు ముభావంగా తిరిగింది. కొత్తవి కొందామని అన్నయ్య పాలకొల్లు, భీమవరం తిరిగొచ్చాడు గాని ఆ పేరు విన్నవాళ్ళే లేరు.

ఒక మధ్యాహ్నం వదిన బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉన్నట్టుండి పాడటం మొదలుపెట్టింది. మాటలు అయిపోయాక ఆ యంత్రం చప్పుళ్ళు కూడా నోటితోనే తీసింది. నేను తెల్లబోయి చూస్తుంటే, "ఊరికే చూస్తావేంటి, నువ్వు కింద ఊఁ అని పట్టుకో, నేను ఎటు పోయినా వదలకు" అంది. పట్టుకున్నాను. నా ఒక్క స్వరం మీద వదిన గొంతు ఎక్కడెక్కడికో వెళ్ళి తిరిగొచ్చేది. అప్పటినుంచి అదే మా ఆట. తర్వాత మేనకోడలు పుడితే, ఉయ్యాల దగ్గర కూడా ఆ ఇంగ్లీషు పాటే.

ఆ పిల్లకి ఊహ తెలియకముందే వదిన కామెర్లు ముదిరి కన్నుమూసింది. నేను పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళిపోయాను. ఇప్పుడు అమ్మ లేదు, అన్నయ్య లేడు, మా ఆయనా లేరు. ఆ వసారా మధ్యాహ్నాలు జరిగాయని చెప్పగల మనిషి నేను కాక ఇంకొకరు లేరు.

చివరికి ఆ రోజు మేనకోడలికి ఫోనే చేశాను. "అమ్మ ఎలా పాడేదో ఒక్కసారి పాడండి అత్తయ్యా" అంది. గొంతు సవరించుకుని మొదలుపెడితే నాకు వచ్చింది ఆ ఊఁ ఒక్కటే. నేను ఏనాడూ పాట నేర్చుకోలేదు, వదిన ఉంటుంది కదా అని కింది స్వరమే పట్టుకు కూర్చున్నాను. అటునుంచి పిల్ల కాసేపు విని, "ఇందులో పాట ఏదత్తయ్యా?" అంది మెల్లగా. "అది మీ అమ్మ పాడేదమ్మా" అన్నాను.

తర్వాత పిల్ల అసలు పాట వెతికి పంపింది. విన్నాను. బాగానే ఉంది. కాని వదిన ఊపిరి తీసుకున్న చోట వాళ్ళు తీసుకోలేదు, వదిన నవ్వేసే చోట వాళ్ళు నవ్వలేదు. ఎవరో పరాయివాళ్ళ పాటలా తోచి మధ్యలో ఆపేశాను.

ఈ రోజుల్లో ఏ దేశపు పాటైనా అడిగిన క్షణాన ఫోనులోకి వచ్చేస్తుంది, ఓడ కోసం చూడక్కర్లేదు, వాన నీళ్ళకి నానిపోదు. మా మెట్ల మీద ఎదురయ్యే పిల్లలందరి చెవుల్లోనూ ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. ఏం వింటున్నావమ్మా అని అప్పుడప్పుడు అడుగుతుంటాను. నా మాట వాళ్ళకి వినపడదు.