ఇంతియాజ్ స్క్రిప్ట్‌ను తీసేస్తారట!

నిన్న పొద్దున ఇంతియాజ్ వాళ్ళన్న పెనుకొండ నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, తమ్ముడు పోయినాడు. నిద్దట్లోనే గుండె ఆగిపోయింది."

"సాయంత్రం వాడికి మీటింగ్ ఉంది కదప్పా" అన్నాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు.

మా టీమ్‌లో నా పక్క సీటు వాడు. నాకు తమ్ముడిలాంటివాడు. ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.

ఏడుపు తర్వాత. ముందు కోపం వస్తోంది.

ఆఫీస్ గ్రూప్ నిండా చేతులు జోడించిన బొమ్మలు. బంగారంలాంటి మనిషట! బతికున్నప్పుడు "ట్రేస్ పిచ్చోడు" అని ఎగతాళి చేసింది మీరే కదా?

తెలియనివాళ్ళకు చెబుతాను. ఒక పెద్ద సర్వర్‌లో చాలా వర్చువల్ మెషీన్లు నడుస్తుంటాయి. వాటికి సీపీయూ పంచిపెట్టే సాఫ్ట్‌వేరే హైపర్‌వైజర్. అది ఎప్పుడేం చేసిందో రికార్డు తీయొచ్చు. దాన్నే ట్రేస్ అంటాం. కానీ అదంతా అంకెల కుప్ప, ఎవరూ చదవరు.

మెషీన్ బిగుసుకుపోతే మావాళ్ళకు తెలిసిన వైద్యం ఒక్కటే, రీస్టార్ట్. దాంతో ఉన్న ఆధారమూ పోతుంది.

ధర్మవరంలో ఒక పట్టుచీరల సొసైటీ ఉంది. మా సర్వర్‌లో నడిచే వాళ్ళ బిల్లింగ్ మెషీన్ రోజూ మధ్యాహ్నం ఆగిపోయేది. మా మేనేజర్ ఏం తేల్చాడు? అక్కడి క్లర్కు రమణప్ప ఏదో తప్పు నొక్కుతున్నాడని. పాపం, ఆయన ఉద్యోగం పోయేదాకా వచ్చింది.

ఇంతియాజ్ ఊరుకోలేదు. హిందూపురంలో మా ఇంట్లో టీ తాగుతూ అన్నాడు: "బాడుగింట్లో కరెంటు పోతే లోపలుండేటోన్ని తిడితే ఏమొస్తాదక్కా? మెయిన్ ఆపినోడు యాడుండాడో చూడల్ల."

రీస్టార్ట్ చేయనివ్వకుండా ట్రేస్ తీశాడు. ఆ అంకెలను మామూలు మాటల్లోకి మార్చే స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రామ్, రాశాడు. లోపలి మెషీన్ టైమునూ బయటి సర్వర్ టైమునూ ఒకే వరుసలో పెట్టాడు. అప్పుడు కనిపించింది. మా బ్యాకప్ మొదలవగానే సీపీయూ అంతా అదే తినేస్తోంది. బిల్లింగ్ మెషీన్ తన వంతు కోసం కాచుకొని కూర్చుంది.

తప్పు మాది!

రమణప్ప ఉద్యోగం నిలిచింది. మేనేజర్ మాత్రం అది టీమ్ ఎఫర్ట్ అని పైవాళ్ళకు ప్రెజెంటేషన్ ఇచ్చుకున్నాడు. ఇంతియాజ్ పేరు ఒక్కచోట లేదు. సిగ్గుండాలి.

నిన్న వాడిని ఇంట్లోంచి తీసుకెళ్ళేటప్పుడు ఆఫీస్ నుంచి నేను తప్ప ఎవరూ లేరు. రమణప్ప వచ్చాడు, ధర్మవరం నుంచి బస్సెక్కి. "అందరూ నన్ను దొంగోన్ని చూసినట్ల చూసిరమ్మా. ఈయప్పొక్కడే నా మాట నమ్మినాడు" అని గోడకానుకొని ఏడ్చాడు.

ఇంటికొచ్చి ఫోన్ చూస్తే సంతాపాల కిందే మేనేజర్ మెసేజ్. ఇంతియాజ్ స్క్రిప్ట్ చూసుకునేవాళ్ళు లేరు కాబట్టి సోమవారం నుంచి తీసేద్దామని.

వాడి మీద పోసిన మట్టి ఇంకా ఆరలేదు కదయ్యా!

చూసుకునేవాళ్ళు ఉన్నారు. ఈ పొద్దున దాని బాధ్యత నేను తీసుకున్నాను. రాసినవాడి పేరు దగ్గర ఇంతియాజ్ అనే ఉంది. అలాగే ఉంటుంది. చెరపాలనుకునేవాళ్ళు నా ముందుకొచ్చి మాట్లాడండి.

వెళ్ళిరా తమ్ముడూ. ఆ నేల నీకు చల్లగా ఉండాలి.