ఉత్తరం రాసింది ఎవరో తెలిశాక

మొన్న బాగేపల్లి నుంచి చిక్కబళ్లాపురానికి బస్సులో వస్తూంటే, పక్క సీటులోని కాలేజీ అమ్మాయి ఫోనులో ఒక ఉపన్యాసం పెట్టుకుంది. ఇయర్‌ఫోన్లు మరిచిపోయి వచ్చిందేమో, పేరేసంద్ర దాటేవరకు సగం బస్సు విన్నది. గ్రీకు దేశంలో పుట్టిన స్టోయిక్ తత్వమట. ఇతరులు చేసేది మన చేతిలో లేదు, మనం చేసేదే మన చేతిలో ఉందని కోటు వేసుకున్న ఒకాయన కన్నడంలో చెబుతున్నాడు. అమ్మాయి బుద్ధిగా రాసుకుంటోంది. రాసుకోవడం సులభమే. నాకు ఆ పాఠం చెప్పింది శిడ్లఘట్ట పక్క పల్లెలో పట్టుపురుగులు మేపే మా చిన్నాన్న. ఆయన ఒంటిమీద ఆకు మరకల బనియను తప్ప కోటు నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు నేను చింతామణిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. కన్నడం చెప్పే టీచరమ్మ నాకంటే నాలుగేళ్లు చిన్న, నా మాదిరిగానే ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి. పన్నెండేళ్లు మధ్యాహ్నం ఒకే బెంచీ మీద తిన్నాం. ఆమె బియ్యప్పిండి అక్కిరొట్టె నాకు, నా ఉలవచారు ఆమెకు. మా ఆయనకు ఆపరేషన్ అయినప్పుడు మూడు రోజులు ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చుంది. నాకు చెల్లెలు లేదన్న సంగతే మరిచిపోయాను.

ఆ జూన్‌లో నేను హెడ్‌మిస్ట్రెస్ కావలసింది. మార్చిలోనే పేరు లేని ఉత్తరం ఒకటి యాజమాన్యానికి చేరింది. పదో తరగతి పబ్లిక్ పరీక్షకు ముందు పెట్టే ప్రిపరేటరీ ప్రశ్నపత్రాలు నేను ఇంటికి తీసుకుపోయి ట్యూషన్ పిల్లలకు చూపించానని అందులో ఉంది. చూపించానన్నది అబద్ధం. తీసుకుపోయింది నిజం. బీరువా తాళం చెడిపోయిన సాయంత్రం, సీలు వేసిన కట్టను సంచిలో పెట్టుకుపోయి, పొద్దున్నే అట్లాగే తెచ్చి పెట్టాను. నియమం ప్రకారం అది తప్పు. ఆ సంగతి నేను ఒక్క మనిషికే చెప్పాను, బెంచీ మీద, రొట్టె తుంచుకుంటూ.

విచారణకు ముందురోజు చిన్నాన్న దగ్గరికి పోయాను. పురుగులు గూడు కట్టే ముందరి కడపటి నిద్ర లేచి మల్బరీ ఆకును దూసి తింటున్నాయి. ఆయన నా ఏడుపు వింటూనే తట్టల మీద ఆకు పరుస్తున్నాడు. ఒక మోపు నా చేతికీ ఇచ్చాడు. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేకుండా పోయింది.

"ఉత్తరం రాసింది ఎవురి పనిమ్మా?" అన్నాడు.

"ఆమె పని."

"రేపు అడిగితే జవాబు చెప్పేది?"

"నా పని. తీసుకుపోలేదని చెప్పేస్తా చిన్నాన్నా. చూసినోళ్లు ఎవురూ లేరు."

ఆయన ఇంకో మోపు విప్పాడు. ఖాళీ తట్ట కనబడితే దాన్ని నింపాడు. "చెప్పొచ్చు. అట్లయితే ఆమె పని ఆమె చేసి, నీ నోట అబద్ధం పలికించి నీ పని కూడా ఆమే చేసినట్టు. ఇంక నీ చేతిలో ఏముండాది?"

"నిజం చెబితే కడుపులో మంట పోతుందా?"

"పోదు. పోతాదని నేను చెప్పలేదు గదా. మంట ఉన్నా పని చెయ్యొచ్చు."

విచారణలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సీలు చెక్కుచెదరలేదని పరీక్షరోజు కట్ట విప్పిన స్కూలు గుమాస్తా కూడా చెప్పాడు. పిల్లలకు చూపించానన్న మాట కొట్టేశారు, కానీ నియమం తప్పినందుకు పదవి నాకు రాలేదు. అది కన్నడ టీచరమ్మకు వచ్చింది.

జూన్ మొదటి రోజు ఆమె మైసూరుపాకు డబ్బాతో స్టాఫ్‌రూముకు వచ్చింది. ఇద్దరమే ఉన్నాం.

"రాసింది నువ్వేనా?" అన్నాను.

డబ్బా మూత తీస్తూ, నా వైపు చూడకుండా, "నీకు ఇంకా చాలా ఛాన్సులు వస్తాయి అనుకున్నానక్కా" అన్నది.

నేను మైసూరుపాకు తీసుకోలేదు. గంట కొడితే తొమ్మిదో తరగతికి పోయి కాంతి వక్రీభవనం పాఠం మొదలుపెట్టాను. బోర్డు మీద బొమ్మ రెండుసార్లు తుడిచి గీశాను, పాఠం మాత్రం సరిగ్గానే చెప్పాను. తరువాత ఆరేళ్లు ఆమె సంతకం కింద పనిచేశాను. సెలవు చీటీ ఆమెకే ఇచ్చాను. ఎవరి దగ్గరా ఆమె మీద ఒక్క మాట అనలేదు, అది నా చేతిలో ఉన్నది కనుక. కానీ మధ్యాహ్నం అన్నం ల్యాబులో ఒంటరిగా తిన్నాను, ఎందుకంటే ఆ ముద్ద ఆమె పక్కన దిగేది కాదు.

నా రిటైర్మెంటు సభలో ఆమె మైకు పట్టుకుని నన్ను సొంత అక్క అన్నది, కన్నీళ్లు కూడా పెట్టుకుంది. ఆ కన్నీళ్లు నిజమైనవేనని ఈరోజుకూ అనుకుంటాను. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. అంతమాత్రానికే నాకు ఆరేళ్లు పట్టింది. ఆమెను మళ్లీ నమ్మడానికి ఎన్నేళ్లు కావాలో తెలియదు గాని, ఈ వయసులో అంత కాలం నా దగ్గర మిగిలి ఉన్నట్టు లేదు.