సున్నా దగ్గర సమాంతరమా?

పొద్దున రైసుమిల్లు పక్కగా వెళ్తుంటే ఉడుకుతున్న ధాన్యం వాసన గుప్పుమంది. అంతే, పాలకొల్లులో మిల్లు వెనకే ఉన్న మా ఇంటర్ లెక్కల మాస్టారి అరుగు కళ్లముందుకొచ్చింది. తాటాకు చాపలు, కుర్చీకి ఆనించిన నల్లబల్ల, ఓణీలకంటిన సుద్దపొడి. మీకూ అలాంటి ట్యూషన్లు గుర్తున్నాయా?

ఒకరోజు ట్యూషన్ పరీక్షలో y = x², y = x³ అని రెండు వక్రాలిచ్చారు. ఏ x విలువ దగ్గర వాటి స్పర్శరేఖలు సమాంతరమో కనుక్కోవాలి. అవకలనం చేసి వాలులు సమానం చేస్తే 0, 2/3 వస్తాయి. అందరూ రెండూ రాశారు. నేనూ, నా పక్కన కూర్చునే సుజాతా మాత్రం సున్నాని కొట్టేశాం.

మాస్టారు కళ్లజోడు మీంచి మా ఇద్దరినీ చూశారు. "ఎవరిది ఎవరు చూశారమ్మా?"

"ఎవరమూ చూడలేదండి."

ఆయన నమ్మలేదు. సుజాతని పెరట్లోకి పంపి, ముందు నన్నడిగారు.

"సున్నా దగ్గర రెండిటికీ స్పర్శరేఖ x అక్షమేనండి. ఒకటే గీత తనకి తను సమాంతరం ఎలా అవుద్దండి?" అన్నాను.

తర్వాత నన్ను పెరట్లోకి పంపి సుజాతని పిలిచారు. తలుపు చాటునుంచి విన్నాను.

"అక్కడ రెండు గీతలు లేవండి మాస్టారూ. ఒకదాని మీద ఒకటి పడిపోయాయండి."

మాస్టారు నన్నూ అరుగు మీదకి పిలిచారు. చివరికి ఇద్దరికీ పూర్తి మార్కులేశారు.

సైకిళ్లు నడిపించుకుంటూ వస్తుంటే సుజాత ఉన్నట్టుండి ఆగింది.

"ఒట్టేసి చెప్పవే, నువ్వు నాది చూడలేదు కదా?"

అరుగు దిగినప్పటినుంచీ ఆ మాట తననెలా అడగాలా అనే నేనూ చూస్తున్నాను.