ఎమ్మెల్యే పెళ్ళాం మిల్లుకు పోయిన రోజులు

మా ఆయన ఎమ్మెల్యే అయినా నేను మిల్లుకు పోవడం మానలేదు. కోయంబత్తూరులో నూలును చిలపలుగా చుట్టే రీలింగు పని నాది. మానమని ఆయనా అనలేదు, మానేదా అని నేనూ అడగలేదు. పదవి ఎన్నికతో వచ్చింది, ఎన్నికతో పోతుంది. రీలింగు మా అమ్మ చేసిన పని, అది ఎక్కడికీ పోదు అనుకునేదాన్ని. సగమే నిజమయింది.

ఆయన అదే మిల్లులో స్పిన్నింగులో ఉండేవారు. యూనియన్ మీటింగులో ఆయన అరవంలో మాట్లాడితే దారిన పోయేవాళ్ళు సైకిలు దిగి వినేవాళ్ళు. ఇంట్లో మాత్రం మాది తెలుగే, ఎప్పుడో తాతల ముందరి తాతలు తెచ్చుకున్న తెలుగు. పార్టీవాళ్ళు వచ్చి నిలబడమన్నారు, నిలబడ్డారు, గెలిచారు. మా లైను ఇళ్ళ వీధంతా పూలదండలు. ఆ రాత్రి నుంచి మా ఇంటి తలుపుకు గడియ వేసిన గుర్తు లేదు.

తెల్లారకముందే జనం. ఒకరికి ఇంటి పట్టా, ఒకరికి రేషను కార్డు, ఒకరి కొడుక్కు మిల్లులో పని. అందరికీ కాఫీ కాచి, తల దువ్వుకోకుండానే నేను మిల్లు సైరను అందుకోవాలి. అసెంబ్లీ జరిగేటప్పుడు ఆయన మద్రాసులో ఉండేవారు. తిరిగొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటే, చొక్కా విప్పడానికి కూడా ఓపిక ఉండేది కాదు. "అక్కడ ఏం మాట్లాడినారు?" అని అడిగితే, "చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తినా" అనేవారు.

అట్లాంటి రోజుల్లోనే మిల్లువాళ్ళు రీలింగుకు కొత్త మిషన్లు తెచ్చారు. ఆడవాళ్ళు ఇక అక్కర్లేదన్నారు. మేమంతా గేటు ముందు కూర్చున్నాం. రెండో రోజుకు మగవాళ్ళూ పని ఆపి వచ్చి, రోడ్డుకు అవతలి పక్క కూర్చున్నారు. ప్రభుత్వం మా ఆయన పార్టీదే. మంత్రి ఆయన్ను మద్రాసుకు పిలిపించారని తెలిసి, మాకు మంచే జరుగుతుందనుకున్నాం.

ఆయన రైలు దిగి నేరుగా గేటు దగ్గరికి వచ్చారు. ఎండ మండిపోతోంది. ముందు నా దగ్గరికి వచ్చి, వంగి, మెల్లగా అన్నారు.

"నువ్వు ఇంటికి పో. నేను మాట్లాడేటప్పుడు నువ్విక్కడ ఉండొద్దు."

"ఏమిటికి? నన్నుగూడా తీసేస్తామన్నారు గదా. నేను ఎక్కడికి పొయ్యేది?"

ఆయన నన్ను దాటి పోయి, ఎవరో ఇచ్చిన చెంబుడు నీళ్ళు తాగి బల్ల ఎక్కారు. మామూలుగా అయితే అరవంలో ఉరిమే గొంతు, ఆ రోజు బయటికే రాలేదు. "అందరూ లోపలికి పోవాలని మంత్రి చెప్పమన్నారు. పోతే, తరువాత కూర్చుని మాట్లాడతారంట" అన్నారు.

ఎవరూ కదల్లేదు. మా అమ్మతోపాటు పనిలో చేరిన ముసలామె ఒకామె నా పక్కన కూర్చుని ఉంది. ఆమె తెలుగులో అడిగింది.

"ఆయన చెప్పమన్నది చెప్పినావు నాయినా. నువ్వేం చెప్తావు?"

ఆయన ఆమె వైపు తిరిగారు. "నేను చెప్పేదా అత్తా? ఇప్పుడు లోపలికి పోతే, మిమ్మల్ని మళ్ళా ఎవురూ కూర్చోబెట్టి మాట్లాడరు. అది నాకు తెలుసు" అన్నారు. బల్ల దిగి, పోయి మగవాళ్ళ వరసలో నేలమీద కూర్చున్నారు. నా వైపు చూడలేదు.

సాయంత్రం పార్టీ తలైవరు, అంటే పెద్ద నాయకుడు, పంపిన మనిషి కారులో వచ్చాడు. "తలైవరు కోపంగా ఉండారు. ఎక్కండి, పోయి ఒక మాట చెప్పి వద్దాం" అన్నాడు. ఆయన లేవలేదు. "అలుపుగా ఉందప్పా. నేను ఇక్కడే ఉంటా" అన్నారు.

దాన్ని అందరూ ధైర్యమన్నారు. ఇప్పటికీ అంటారు. ఆ మొహం దగ్గరగా చూసినదాన్ని నేను. అందులో ధైర్యమెంతో నాకు తెలీదు కానీ, అలుపు మాత్రం ఆయన చెప్పినంతా నిజమే.

సమ్మె రాజీలో ముగిసింది. ఆడవాళ్ళలో కొందరిని వేరే పనుల్లోకి మార్చారు, మిగిలినవాళ్ళను ఇంటికి పంపారు. ఇంటికి పంపినవాళ్ళలో నేనూ ఉన్నాను. తర్వాతి ఎన్నికల్లో ఆయనకు సీటు ఇవ్వలేదు, ఆయనా పోయి అడగలేదు. మిల్లు ఆయన్ను మళ్ళీ పనిలోకి తీసుకోలేదు. పొల్లాచ్చిలో కొబ్బరికాయల మండి నడిపే మా బావగారు లారీల లోడు చూసుకోమంటే, రోజూ బస్సులో పోయి వచ్చేవారు.

జనం మాత్రం రావడం ఆపలేదు. ఒక ఆదివారం అన్నూరు నుంచి ఒకతను జబ్బుపడిన తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. నాకు విసుగొచ్చింది.

"ఆయన ఇప్పుడు ఎమ్మెల్యే కాదప్పా" అన్నాను.

"తెలుసక్కా. ఇప్పటి ఎమ్మెల్యే ఇంట్లో లోపలికే విడిచేది లేదు."

ఆయన అప్పటికే చొక్కా తొడుక్కుంటున్నారు. "వారమంతా బస్సులోనే పోయింది. ఈ పొద్దన్నా ఇంట్లో ఉండండి" అన్నాను.

"పెద్దాసుపత్రిలో ఒక డాక్టరు ఇంకా నన్ను గుర్తు పడతాడు. ఆయన రిటైరయ్యేదాకా పోతా. తరువాత ఉంటా ఇంట్లోనే."

ఆ డాక్టరు రిటైరయ్యాడు. మా ఆయన మాత్రం పోవడం మానలేదు. గుర్తుపట్టేవాళ్ళు లేక, వచ్చినవాళ్ళతోపాటు తనూ చీటీల వరసలో నిలబడేవారట. చీకటి పడుతుండగా వచ్చి, కాళ్ళు కడుక్కుని, "చేర్చుకున్నారు" అనేవారు, లేకపోతే ఏమీ అనేవారు కాదు. నేను అన్నం పెట్టేదాన్ని. సగం తినేసరికే ఆయన కళ్ళు మూతలు పడేవి.